కుట్టు లేకుండా లెన్స్ నిలబెట్టిన మా శేషు

నిన్న పొద్దున ఓపీ మొదలుపెట్టి, ఒక పెద్దాయన కంట్లోకి టార్చి వేసి చూస్తున్నాను. ఫోన్ మోగుతూనే ఉంది. తీస్తే జగ్గయ్యపేట నుంచి మా శేషు వాళ్ళావిడ.

"అన్నయ్యగారూ, ఈయన లేవట్లేదండీ" అంది.

ఆదివారం కూడా ఆరింటికి లేచే మనిషి. లేవకపోవడం ఏమిటి?

నిద్రలోనే పోయాడు. గుండె.

వాళ్ళింటి ముందు కారు దిగాక చూసుకున్నాను. టార్చి ఇంకా చేతిలోనే ఉంది.

పొద్దుట్నుంచీ అందరూ దేవుడు, దేవుడు అని పోస్టులు పెడుతున్నారు. పెట్టండి. నేను మాత్రం నిజం చెప్తాను. వాణ్ణి చూస్తే నాకు కుళ్ళు. పోయాడు కదా అని అది తగ్గలేదు.

ఇద్దరం కళ్ళ డాక్టర్లం. ఒకే కాలేజీ, హాస్టల్లో ఒకే రూమ్. నేను నందిగామలో బోర్డు పెట్టాను, వాడు పేటలో పెట్టాడు. మామూలు శుక్లాల ఆపరేషన్లో ఇద్దరం సమానం. ఈ మాట ఎవరు కాదన్నా ఒప్పుకోను.

తేడా ఎక్కడంటే, శుక్లం తీసి పెట్టే లెన్స్ కూర్చోవడానికి కంట్లో పల్చటి సంచి ఒకటి ఉంటుంది. అది చిరిగినా, దాన్ని పట్టుకునే దారాలు వదులైనా లెన్స్ జారిపోతుంది. అప్పుడు నేను దాన్ని కంటి తెల్లగుడ్డుకి కుట్టేస్తాను. మంచి పద్ధతే. ఏళ్ళు గడిచాక కుట్టు తెగుతుందేమోనన్న భయం మాత్రం ఉంటుంది.

శేషుకి అసలు కుట్టే అక్కర్లేదు.

రెండు సన్నటి సూదులు అటొకటి, ఇటొకటి గుచ్చేవాడు. లెన్స్‌కి వెంట్రుకల్లాంటి కాళ్ళు రెండుంటాయి. వాటిని ఆ సూదుల్లోకి ఎక్కించి బయటికి లాగేవాడు. కొసలకి కాస్త వేడి తగిలిస్తే చిన్న బుడిపెలవుతాయి. వాటిని తెల్లగుడ్డులోకి నొక్కేస్తే లెన్స్ ఇక కదలదు.

నేను టీ తాగి వచ్చేలోపు ముగించేసేవాడు. ఎంత మంటగా ఉంటుందో మీకేం తెలుసు!

పుట్టుకతో వచ్చిన విద్య కాదులెండి. ఆదివారం పొద్దున్నే మస్తాన్ మటన్ కొట్టు దగ్గర నిలబడి, సాధన కోసం మేక కళ్ళు తెచ్చుకునేవాడు. "తలకాయ వద్దు, కళ్ళు ఒక్కటే కావాలంట. ఏం కూర వండుకుంటారండీ డాక్టరుగారూ?" అని మస్తాన్ అందరి ముందూ ఆటపట్టించేవాడు. శేషు ఇంట్లో ఫ్రిజ్ తీస్తే పెరుగు గిన్నె పక్కన కవర్లో కళ్ళుండేవి.

నాకూ నేర్పాడు. పిలిచి మరీ. దాచుకుని ఉంటే హాయిగా తిట్టుకునేవాణ్ణి, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

నేను చేస్తే లెన్స్ ఎప్పుడూ ఓ పక్కకి ఒరిగేది.

"నీతో ఇదేరా. మొదటి కాలు దొరగ్గానే బయటికి లాగేస్తావు. దాన్ని సూదిలోనే ఉండనీ. రెండోది కూడా ఎక్కాక రెండూ కలిపి లాగు. తొందరపడితే వాలిపోద్ది" అనేవాడు.

ఆ తర్వాత మా అమ్మ ఎడమ కంట్లో లెన్స్ జారింది. కడుపున పుట్టిన కొడుకు కళ్ళ డాక్టరు. ఆవిడేమందో తెలుసా?

"నువ్వు కుడతావు గదా. శేషు అయితే కుట్లు లేకుండా చేస్తాడంట. నన్ను పేట తీసుకెళ్ళు."

థియేటర్లో వాడి పక్కన నిలబడి చూశాను. ఒక్కసారి చెయ్యి తడబడితే బాగుండు అనిపించింది. అది అమ్మ కన్నని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. వాడి చెయ్యి తడబడలేదు.

తర్వాత అమ్మ నా క్లినిక్ బెంచీ మీదే కూర్చుని, నా పేషెంట్లకే చెప్పేది, "పేట డాక్టరు చేశాడమ్మా, చూడు ఎట్లా ఉందో" అని.

ఇప్పుడు ఆవిడ కుడి కంట్లోనూ లెన్స్ ఊగుతోంది. వయసుకి అక్కడి దారాలూ వదులయ్యాయి. వచ్చే నెల శేషు చెయ్యాల్సింది.

నిన్న సాయంత్రం అంతా అయిపోయాక, కడచూపుకి వచ్చిన అమ్మని కారెక్కించుకుని హైవే మీదకి వచ్చాను. చిల్లకల్లు దాటాం.

"ఇంక ఈ కన్ను నువ్వే చెయ్యరా" అంది.

ఇన్నేళ్ళూ ఆ మాట కోసమే చూశాను.

"శేషు చెప్పినట్టే చెయ్యి" అంది వెంటనే.

చూశారా? పోయాక కూడా నన్ను గెలవనివ్వడు. కారు పక్కకి ఆపుకుని ఏడ్చాను.

శేషూ, మస్తాన్‌కి ఫోన్ చేశాను. ఈ ఆదివారం నుంచి కళ్ళు నాకు పంపమన్నాను. మొదటి కాలు దొరికినా ఆగుతానురా, లాగను. తొందరపడొద్దని నాకు చెప్పి నువ్వే తొందరపడ్డావు.

ఆపరేషన్ బాగా జరిగితే అమ్మ ఎలాగూ నీ పేరే చెప్తుంది. చెప్పనీ.

వెళ్ళిరారా. హాయిగా పడుకో. ఇక ఆరింటికి లేవక్కర్లేదు.