మన పిల్లల గుడ్లు

బోధన్ దగ్గరి ఒక ఊళ్ళో నేను చాలా ఏళ్ళు అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేశాను. ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంటున్నాను. ఆ ఊరివాళ్ళు బజారులో కలిస్తే "మా పిల్లల్ని మస్తు మంచిగ సూసుకున్నవక్కా" అంటారు. నిజమే. వాళ్ళ పిల్లల్ని బాగానే చూసుకున్నాను.

నాలుగైదేళ్ళ కిందటి మాట. చెరుకు నరికే రోజులు. ఎప్పటిలాగే మహారాష్ట్ర నుంచి కూలి జంటలు వచ్చి, మా కేంద్రం వెనక ఖాళీ జాగాలో గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళ దిక్కు రెండేళ్ళుగా వానల్లేవట, బావులు ఎండిపోయాయట. పొద్దు పొడవకముందే పెద్దలంతా చేనుకు పోతే పిల్లలు గుడిసెల దగ్గరే ఉండేవారు. మూడేళ్ళ పిల్ల ఒకతి మాత్రం మా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేది. లోపలికి రాదు, ఏడవదు. అన్నం గిన్నె వైపే చూసేది.

ఒకరోజు పిలిచి కూర్చోబెట్టి, పప్పన్నం పెట్టి, గుడ్డు ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకొని తిన్నది. జబ్బకు కొలత టేపు చుట్టి చూస్తే ఎర్ర రంగు దగ్గర ఆగింది, అంటే తిండి లేక ప్రాణం మీదికి వచ్చేంత చిక్కిపోయిందని. మా ఊరి పిల్లల్లో నేను పసుపు రంగు చూశాను గానీ ఎరుపు ఎన్నడూ చూడలేదు. ఆ తర్వాత రోజూ వచ్చింది. మా పిల్లల్లో ఎవరో ఒకరు రాని రోజులే ఎక్కువ. ఆ మిగిలిన గుడ్డు దీనికి.

పది రోజులకు ఊరి తల్లులు నలుగురు వచ్చారు. ముందున్నామె నాకు బాగా కావలసిన మనిషి. నాకు జ్వరమొస్తే జావ కాచి పంపేది. అంతకు నెల ముందే, ఎక్కడో ఆఫ్రికా దేశంలో కరువు పిల్లల వీడియో ఫోన్‌లో చూపించి నా ముందే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "గా పిల్లల తేలిన బొక్కలు సూస్తే నాకు బువ్వ పోతలేదక్కా" అని, కొడుకుతో చెప్పి డబ్బులు కూడా పంపించింది.

ఆమే అడిగింది. "అక్కా, మన పిల్లల గుడ్లు గా మరాఠోళ్ళ పిల్లకు పెడుతున్నవంట?"

"రాని పిల్లల గుడ్డే పెడుతున్న. దాని చెయ్యి సూసినవా, పుల్ల లెక్క ఉన్నది."

"గాళ్ళు గట్లనే ఉంటరు. గాళ్ళకు అలవాటే. ఇయ్యాల ఒకతి, రేపు గుడిసెలన్నీ ఈడనే కూసుంటయి."

మిగిలినవాళ్ళు తలూపారు. పైవాళ్ళకు చెప్తామని ఒకామె అంది. నేను ఉద్యోగం గురించి ఆలోచించాను. అబద్ధమెందుకు, మొదట ఉద్యోగం గురించే ఆలోచించాను.

మర్నాడు పిల్ల వస్తే ఆయాతో బయటికి పంపించి తలుపు వేయించాను. "అండా" అని గుడ్డు కోసం రెండుసార్లు అడిగింది, తలుపు అవతల నుంచి. మళ్ళీ రాలేదు.

వారం గడిచాక మనసొప్పక, ఇంట్లో రెండు గుడ్లు ఉడకబెట్టి సాయంత్రం వాళ్ళ గుడిసె దగ్గరికి పోయాను. చెరుకాకులు గీరిన చేతులతో తల్లి రొట్టెలు చేస్తోంది. పిల్ల ఆమె వీపుకు ఆనుకొని ఉంది. తల్లి గుడ్ల వైపు చూసింది గానీ ముట్టుకోలేదు.

"రోజు ఇస్తవా, బాయి?" వచ్చీరాని తెలుగులో అడిగింది.

నేను గుడ్లను ఆమె వైపు ఇంకొంచెం జరిపాను.

"రోజు ఇయ్యకుంటే వద్దు. పిల్ల అడుగుతది. నేను యాడికెల్లి తేవాలె?"

కోపంగా అనలేదు. పొయ్యిలో పుల్ల సర్దుకుంటూ అంది. గుడ్లు సంచిలో వేసుకొని తిరిగి వచ్చాను.

ఆ నెలాఖరులో పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. బోధన్ దవాఖానకు, అక్కడి నుంచి నిజామాబాద్‌కు తీసుకుపోయారు. మూడో రోజు ప్రాణం పోయింది. తల్లీ తండ్రీ పిల్లను తీసుకొని అటునుంచి అటే సొంతూరికి పోయారు.

సంగతి తెలిసిన రోజు, నాకు జావ పంపే ఆమె వచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. "గంత కష్టమున్నదని ఒక్క మాట సెప్తే, మేమే ఇంత బువ్వ పెట్టకపోదుమా అక్కా?" అంది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అదే నాకు మింగుడు పడలేదు.

తర్వాతి మీటింగులో సూపర్‌వైజర్ మేడంకు అంతా చెప్పాను. ఆమె రిజిస్టరు నా ముందుకు జరిపింది. "వలసొచ్చిన పిల్లల పేర్లు గూడ రాసుకోవచ్చు కదమ్మా. రాసి పంపిస్తే వాళ్ళకు గూడ గుడ్లొస్తయి. నువ్వు అడగలేదా?"

అడగలేదు. ఏటా చలికాలం ఆ గుడిసెలు చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా అడగలేదు.