తొక్కమంటే మోటారు బిగించాను

పోయిన ఏడాది నా రక్తపరీక్ష కాగితం చదివిన డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. మందులు రాసేముందు రెండు నెలలు చూద్దామని, ఈలోపు రోజూ సైకిల్ తొక్కమని చెప్పింది. అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. విన్నవాణ్ణి మాత్రం నేను.

నేను నెల్లూరులో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్తాను. ఇంట్లో ఏ వస్తువైనా దాని మానాన అది పనిచేస్తూ ఉంటే నాకు తోచదు. బాగున్నదాన్ని ఇంకాస్త బాగుచేయబోయి పాడుచేసి, పాడుచేసినదాన్ని తిరిగి దారికి తెస్తూ ఆదివారాలు గడుపుతుంటాను. ఈ సంగతి మా ఆవిడకు పెళ్లయిన కొత్తలోనే, పిండికి నానబెట్టిన పప్పు పక్కన నేను విప్పిన గ్రైండరును చూసినప్పుడే అర్థమైంది.

సైకిల్ కొన్న మొదటి వారం బుద్ధిగానే తొక్కాను. కష్టమల్లా ఫ్లైఓవరు దగ్గర వచ్చింది. ఇంకెవరైనా అయితే ఆయాసం వచ్చినప్పుడు ఆగి నీళ్లు తాగుతారు. నేను ఆగి, ఆ ఎత్తు ఎక్కడానికి ఎన్ని వాట్లు కావాలో ఫోనులో లెక్క వేసుకున్నాను. లెక్క తేలాక ఊరుకోవడం నా వల్ల కాదు. మరునాడే వెనక చక్రానికి బిగించే మోటారు, బ్యాటరీ, చార్జరు అన్నీ కలిపి ఉన్న కిట్ తెప్పించాను.

మా ఆవిడ హైస్కూల్లో తెలుగు టీచరు. వరండాలో అట్టపెట్టె విప్పుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇది ఏమిటని అడిగింది, చెప్పాను. 

"డాక్టరమ్మ తొక్కమన్నది మిమ్మల్నా, మోటారునా? ఆ వాక్యంలో కర్త ఎవరో ఒకసారి చూసుకోండి" అని లోపలికి వెళ్లిపోయింది.

కొన్ని ఆదివారాలు వరండా నా వర్క్‌షాపు అయింది. నట్లు, బోల్టులు వంటింటి గిన్నెల్లోకి చేరాయి. మా అమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి. బడికి ఆమెకొక మామూలు సైకిల్ ఉంది, ముందు బుట్ట ఉన్నది. ఆ సైకిల్‌ను నా ఎదురుగా స్టాండు వేసి, దాని మీద కూర్చుని నా పని చూసేది. అంతా బిగించాక వాళ్లిద్దరినీ పిలిచి, సీటు మీద కూర్చుని, యాక్సిలరేటరు తిప్పాను. సైకిల్ నన్ను మోసుకుని వెనక్కి వెళ్లి పూలకుండీని గుద్దింది. మోటారు తీగలు తారుమారుగా కలిపానన్నమాట. ఈ పాఠం రెండో సంవత్సరం పిల్లలకు ఏటా నేనే చెప్తాను. మా అమ్మాయి నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడింది. మా ఆవిడ ఆ కష్టం కూడా పడలేదు.

తీగలు సరిచేశాక సైకిల్ ముందుకే నడిచింది, బాగానే నడిచింది. ఫ్లైఓవరు మీద స్కూటరు వాళ్లు తిరిగి చూస్తుంటే నేను కాళ్లు కదపకుండా వెళ్లిపోయేవాణ్ణి. ఇలాంటి సుఖం మనిషిని పాడుచేస్తుంది. డిసెంబరు నెలాఖరున ఒక ఆదివారం పొద్దున మైపాడు సముద్రం దాకా వెళ్లొద్దామని మా అమ్మాయిని బయల్దేరదీశాను. తన సైకిల్ మీద అంత దూరం తొక్కలేదేమోనని మా ఆవిడ అంటే, అది తొక్కలేకపోతే నేను తాడు కట్టి లాగుతానని హామీ ఇచ్చాను. తాడు కూడా సంచిలో వేసుకున్నాను. స్క్రూడ్రైవర్లు, మల్టీమీటరు, టంకం వేసే కడ్డీ ఎలాగూ ఎప్పుడూ సంచిలోనే ఉంటాయి.

ఊరు దాటాక రోడ్డుకు రెండువైపులా కొత్తగా నాటిన వరిమళ్లు, తరవాత రొయ్యల గుంటలు. తూర్పు గాలి మొహాన కొడుతోంది. నేను యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి మా అమ్మాయిని దాటిపోయి, ఒక చెట్టు కింద ఆగి, ఆమె వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఏమ్మా, రొప్పుతున్నావేంది? ఇంకా సగం కూడా రాలేదు" అన్నాను.

ఆమె నీళ్లు తాగి మళ్లీ ఎక్కింది. ఇలా రెండు మూడు చెట్ల కింద నేను పెద్దరికం చూపించాను. ఎదురుగాలికి బ్యాటరీ రెట్టింపు ఖర్చవుతుందని ఎవరైనా చెప్తారు. నేనూ చెప్తాను, క్లాసులో.

ఇందుకూరుపేట దాటి ఎంతో దూరం పోకముందే మోటారు ఒకసారి గుక్కపట్టినట్టు ఆగి, మళ్లీ కదిలి, పూర్తిగా ఆగిపోయింది. తొక్కడం మొదలుపెట్టాను. మోటారు, బ్యాటరీ కలిసి ఆ సైకిల్ బరువు చిన్న దున్నపోతు బరువుకు వచ్చింది. పైగా కరెంటు లేనప్పుడు మోటారులోని అయస్కాంతాలు చక్రాన్ని తిరగనివ్వవు, పట్టుకుని వెనక్కి లాగుతాయి. మామూలు సైకిల్ తొక్కలేనివాణ్ణి బ్రేకు వేసిన సైకిల్ తొక్కుతున్నానన్నమాట. మా అమ్మాయి ముందుకు వెళ్లి ఒక తాటిచెట్టు దగ్గర ఆగింది. నేను చేరేసరికి చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"రొప్పుతున్నావేంది నాన్నా?" అంది. సంచిలో తాడు సంగతి మాత్రం ఎత్తలేదు. ఆమె మంచితనం అది.

ఇంకాస్త నడిపించుకుంటూ పోతే రోడ్డు పక్కన ఒక ఇల్లు వచ్చింది. ముందు వాకిట్లో పాత వలలు పరిచి వాటి మీద నెత్తళ్లనే సన్న చేపలు ఎండబెట్టారు. ఒక నడివయసు ఆమె వంగి వాటిని తిరగేస్తోంది. పంచలో ఆమె భర్త చిరిగిన వల ముందేసుకుని కూర్చుని అల్లుతున్నాడు. సముద్రం మీదకు వెళ్లే కుటుంబం. కాస్త చార్జింగు పెట్టుకోవచ్చా అని అడిగాను. సెల్లుకా అని ఆమె అడిగింది. నేను సైకిల్ వైపు చూపించాను.

ఆమె చేతిలో చేపలు అట్లాగే పట్టుకుని సైకిల్‌ను కింద నుంచి మీద దాకా చూసింది.

"సైకిల్‌కి కరెంటేంది సారూ?" అంది.

జవాబు పొడుగ్గానే చెప్పాను. ఆమె ఓపికగా విని, లోపల ప్లగ్గు చూపించి, మళ్లీ నెత్తళ్ల దగ్గరికి వెళ్లింది. నాకో కుర్చీ, మా అమ్మాయికో పీట వేశారు. కాసిన్ని మజ్జిగ ఇచ్చారు. అంతటితో అయిపోయేదే. కానీ మీ నాయన ఏం చేస్తాడని ఆమె మా అమ్మాయిని అడిగింది. ఎలక్ట్రానిక్స్ లెక్చరరని మా అమ్మాయి చెప్పింది.

ఆమె చేతులు కడుక్కుని లోపలికి పోయి టీవీ మోసుకొచ్చింది. వానాకాలం నుంచి దానికి బొమ్మా లేదు, మాటా లేదట. నేను సంచి తెరిచాను. ఆ క్షణం కోసమే ఆ సంచి నా భుజాన ఇన్నేళ్లు వేలాడిందనిపించింది. వెనక మూత విప్పితే లోపలి బోర్డంతా ఉప్పుగాలికి పచ్చటి చిలుము పట్టి ఉంది. మీటరు పెట్టి చూసి, కరెంటు ఎక్కడిదాకా వస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో, ఏ ముక్క మార్చాలో వాళ్లకు వివరించాను. ఆ ముక్క నా దగ్గర లేదు.

ఈలోగా కబురు పాకింది. పక్కింటి నుంచి చార్జింగు లైటు వచ్చింది. దాని బ్యాటరీ ఉబ్బిపోయిందని తేల్చాను. గోడ గడియారం వచ్చింది, దానిలో పళ్ల చక్రం అరిగిందన్నాను. ఒక రేడియో వచ్చింది, స్పీకరు తీగ తెగిందని చూపించాను. అతికిద్దామంటే తీగ తుప్పు పట్టి చేతిలోనే పొడి అయింది. ప్రతిదానికీ రోగం పేరు చెప్పి, చూడవచ్చిన వాళ్లకు బొమ్మ గీసి మరీ వివరించాను. మా క్లాసులో ఎన్నడూ అంత శ్రద్ధగా వినే జనం లేరు. చార్జింగు లైటు తెచ్చిన ముసలామె చివరికి నెమ్మదిగా అంది.

"ఏది పోయిందో అన్నీ చెప్తాండావు నాయనా. ఒక్కటీ పలకలా గదా."

కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. మా అమ్మాయి మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పుడే ఒక మిక్సీ వచ్చింది. దీన్నైనా పలికించాలని పట్టుదల పుట్టింది. పైపైన చూసి, విప్పకుండానే ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేశాను. టప్‌మని చప్పుడు. మిక్సీ తిరగలేదు సరే, ఫ్యాను కూడా ఆగింది, నా చార్జరు లైటు ఆరిపోయింది. లోపల ఉయ్యాలలో నిద్రపోతున్న వాళ్ల కోడలి పసిబిడ్డ గాలి ఆగేసరికి లేచి ఏడుపు అందుకుంది. వాకిట్లో ఉన్నవాళ్లంతా నా వైపే చూశారు.

ఫ్యూజు కాలిపోయింది, అంతే. సన్నటి రాగి తీగ వెతికి, మెయిను ఆపి, ఫ్యూజు కట్టాను. ఫ్యాను తిరిగింది. బిడ్డ ఊరుకుంది. వాకిట్లో మెచ్చుకోలుగా తలలూపారు. ఆ రోజంతా నేను బాగుచేసింది అదొక్కటే. అది పాడుచేసిందీ నేనే.

మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం పెట్టారు. వద్దన్నా వినలేదు. వల అల్లుతున్న ఆయన నా పక్కనే కూర్చుని తింటూ, డాక్టరు తొక్కమన్న కథ మా అమ్మాయి నోట విని మొదటిసారి నోరు విప్పాడు. వాళ్ల నాయన కాలంలో తెరచాప, తెడ్లతోనే సముద్రం మీదకు పోయేవాళ్లట. తానూ కొన్నేళ్లు అట్లాగే పోయి, తరవాత పడవకు ఇంజను పెట్టుకున్నాడట.

"తెడ్డేసేటప్పుడు నా పొట్ట ఈ గోడ మాదిరి ఉండేది సారూ" అని అన్నం పళ్లెం పక్కన గోడ చూపించాడు. "ఇంజను పెట్టినాక ఇదో, ఇట్టా ఉండాది."

ఇద్దరం ఒకరి పొట్ట ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. నాకు ఆ రోజు ఆయన పక్కన కూర్చోవడం చాలా హాయిగా ఉంది. ఆయన నన్ను చిన్నచూపూ చూడలేదు, గొప్పగానూ చూడలేదు. పులుసు ఇంకొంచెం వేయమని భార్యకు సైగ చేశాడు.

బయల్దేరేటప్పుడు మా అమ్మాయి మాట్లాడటం వినిపించింది. నెత్తళ్లు ఎత్తడంలో ఇంటామెకు సాయం చేస్తూ, బోర్డు ఇంటికి తీసుకుపోతే మా నాన్న తప్పకుండా బాగుచేసి తెస్తాడని చెబుతోంది. పొద్దుటి నుంచి నా ఘనకార్యాలన్నీ కళ్లారా చూసిన పిల్ల, ఏ అనుమానమూ లేని గొంతుతో ఆ మాట చెప్పింది. నేను మారు మాట్లాడకుండా టీవీ బోర్డు విప్పి, సంచిలో తాడు తీసేసి ఆ చోట పెట్టుకున్నాను.

సముద్రం చూడనే లేదు. బ్యాటరీ సగం నిండింది. మోటారు బిగించిన సైకిల్ తాను నడుపుతానని మా అమ్మాయి అడిగితే ఇచ్చేశాను. ముందు బుట్ట ఉన్న సైకిల్ మీద, ఆ బుట్టలో నా సంచితో నేను వెనక తొక్కాను. వెనక నుంచి గాలి తోయబట్టి ఇల్లు చేరాను గానీ, ఆ రాత్రి మంచం దిగాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. మా ఆవిడ కాళ్లకు నూనె రాస్తూ, ఈ రోజు తొక్కింది మీరేనన్నమాట అని మాత్రం అంది.

బోర్డు నన్ను చాలా సాయంత్రాలు తిన్నది. మొదట నేను గట్టిగా చెప్పిన ముక్క మార్చాను, అది కాదు. దాని పక్కది మార్చాను, అదీ కాదు. విసుగొచ్చి బోర్డు మొత్తం చిలుము పోయేలా మందు వేసి కుంచెతో రుద్ది, ఎండబెట్టి, ఊరికే కరెంటు ఇచ్చి చూస్తే బోర్డు మీది చిన్న దీపం వెలిగింది. నేను వాకిట్లో బొమ్మలు గీసి వివరించినదంతా తప్పేనన్నమాట. మళ్లీ ఉప్పుగాలి తగలకుండా బోర్డు మీద వార్నిష్ పూసి, ఒక ఆదివారం సాయంత్రం బస్సెక్కి వెళ్లాను. కాలేజీలో ఎన్నడూ తప్పు ఒప్పుకోనివాణ్ణి, ఆ ఇంట్లో నిజం చెప్పేశాను, ముక్క పోలేదు, మురికే పట్టిందని. ఆమె దానికి పెద్దగా ఆశ్చర్యపోలేదు.

బోర్డు బిగించి స్విచ్చి వేశాను. బొమ్మ వచ్చింది, మాట వచ్చింది. అప్పుడు ఏదో సీరియల్ నడుస్తోంది. ఆమె, కోడలు, పక్కింటి ముసలామె, అందరూ కింద కూర్చుని తెర వైపు చూస్తూ ఉండిపోయారు. స్క్రూలు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. నన్ను కాస్త పక్కకు జరగమని ముసలామె చేత్తో సైగ చేసింది. ఇన్నాళ్లలో నా పనికి వచ్చిన అన్ని మెచ్చుకోళ్లలోకి అది ఎక్కువ సంతోషం ఇచ్చింది. జరిగాను.

తిరిగొచ్చేటప్పుడు కాగితంలో చుట్టి ఎండు నెత్తళ్లు ఇచ్చారు. బస్సులో నా పక్క సీటు అతను వాసన చూసి ముందు కిటికీ తెరిచాడు, ఆ తరవాత లేచి వెనక్కి పోయి నిలబడ్డాడు. కండక్టరు టికెట్టు కొడుతూ, ఇంత మంచివి ఎక్కడ దొరికాయని అడిగాడు. నేను టీవీ కథ మొదలుపెట్టాను. రెండో స్టాపు వచ్చేసరికి అతనూ ముందుకు వెళ్లిపోయాడు.