లచ్చన్న చెయ్యి పడిన తుపాకీ

లచ్చన్న బాగుచేసిన తుపాకీ పేలదు. తొంభైల మొదట్లో ఒమన్‌లోని బహ్లా ఊళ్లో తుపాకీ ఉన్న ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలుసు. అయినా అతని దగ్గరికే తెచ్చేవారు.

జగిత్యాల నుంచి వచ్చి మా కంపెనీలో సెంట్రింగు పని చేసేవాడు. శుక్రవారం రూమ్ ముందు గోనెపట్టా పరిచి, ఒమానీ పెద్దలు తెచ్చిన తాతలనాటి తుపాకులు విప్పేవాడు. ఎవరి దగ్గర నేర్చావంటే, "విప్పుకుంట నేర్సిన సారూ" అనేవాడు. విప్పడం నిజంగానే బాగా వచ్చు.

ఒకసారి అంతా బిగించాక ఒక స్ప్రింగు మిగిలింది.

"ఇదెక్కడిది లచ్చన్నా?"

"ఉండనీ సారూ. లోపల బరువు తగ్గింది."

కర్రకు నూనె పట్టించి, వెండి కట్లు తోమి ఇస్తే తుపాకీ పెళ్లికొడుకులా మెరిసేది. గోడకు తగిలించుకునేవాళ్లకు అది చాలు.

ఖర్జూర తోట హమూద్‌కు మాత్రం చాల్లేదు. మనవడి పెళ్లి. మగవాళ్లు వరుసగా నిలబడి పాడుతూ గాల్లోకి కాలుస్తారు. ఎనభై దాటిన తనను కొడుకులు కుర్చీలో కూర్చోబెట్టాలని చూస్తున్నారట. చేతిలో తుపాకీ ఉన్నవాణ్ణి వరుసలోంచి ఎవడు లాగుతాడని ఆయన ధీమా. ఆయనకు బ్రహ్మచెవుడు. ఇదంతా అరిచే చెప్పాడు.

లచ్చన్న వారం వారం ఆయన చెవిలో "బుక్రా!" అని అరిచేవాడు. రేపు అని అర్థం. రేపు సెలవేమోనని పక్క క్యాంపువాళ్లు సంతోషించేవారు.

"పెళ్లయ్యాక ఇస్తావా ఏం?" అన్నాను.

"పెండ్లి పొద్దుగాల ఇస్త సారూ. జర ఆగుండ్రి."

అన్నట్టే ఇచ్చాడు. పెళ్లికి మమ్మల్నీ పిలిచారు. వరుస మధ్యలో హమూద్ నిటారుగా నిలబడ్డాడు. తుపాకులన్నీ ఒక్కసారి మోగాయి, ఆయనది తప్ప. ఆ మోతలో, పొగలో ఎవరూ గమనించలేదు. ముసలాయన మావైపు తిరిగి, వెలిగిపోతున్న ముఖంతో "సునా?" అని అరిచాడు, విన్నారా అన్నట్టు.

లచ్చన్న రెండు చెవులూ మూసుకుని, "కాన్ ఫట్ గయా బాబా!" అని, చెవి పగిలిపోయినట్టే మొత్తుకున్నాడు.

తిరిగొస్తూ ఆటపట్టించాను. "ఇదీ పేలలేదుగా!"

"యాడ పేల్తది సారూ, సూది నేనే తీస్తిని." జేబులోంచి, తూటాను కొట్టి పేల్చే చిన్న ఇనప ముక్క తీసి చూపించాడు. "గొట్టం నెర్రెవడ్డది. పేలిస్తే ముసలాయన చెయ్యి పోతది. చెప్తెనేమో కొడుకులు తుపాకీ గుంజుకొని కుర్చీల కూసోవెడ్తరు."

"అయితే ఇన్నాళ్లూ నువ్వు కావాలనే...?"

లచ్చన్న ఆ ముక్కను మళ్లీ జేబులో వేసుకున్నాడు. అవునంటే నమ్మేసేవాణ్ణే.

"ఇదొక్కటే సారూ. కడమయి నాకు చాతగాకనే పేలలే."