నేను మార్చేసిన మెనూ

నన్ను ఓదార్చొద్దు, ముందే చెబుతున్నాను. ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా పెట్టుకుని తిరిగిన మాట ఇది. విన్నాక నీకు అసహ్యం వేస్తే వేయనీ. నా మీద నాకున్నదాని ముందు అదెంత?

అప్పట్లో సూర్యాపేటలో ఉండి రైసు మిల్లుల కాంటాలకు సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ని. ధాన్యం బండి నిండుగా కాంటా ఎక్కుతుంది. ఆ తూకం కంప్యూటర్‌లో ఆగి ఉంటుంది. ధాన్యం పోసేసి ఖాళీ బండి మళ్లీ కాంటా ఎక్కితే, మొదటి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసేసి రైతు ధాన్యమెంతో తేలుస్తారు. సూర్యాపేటైనా, కోదాడైనా, మిర్యాలగూడైనా ఇదే పని. మరి మెనూలు ఒక్కో మిల్లులో ఒక్కో రకంగా ఎందుకు పెట్టాను?

కావాలనే పెట్టాను. ఒకచోట 'సేవ్' అన్నదాన్ని ఇంకోచోట 'పోస్ట్' అన్నాను. ఒక మిల్లులో పైనే కనిపించేదాన్ని మరో మిల్లులో ఎక్కడో లోపల దాచాను. ఆపరేటరు తికమకపడాలి, నాకు ఫోన్ చేయాలి, నేను మోటార్ సైకిల్ మీద దిగి రెండు మీటలు నొక్కి దేవుడిలా తిరిగి రావాలి. ఒకే పనికి అంతటా ఒకే పేరుండాలని చదువుకున్నవాణ్నే. తెలియక చేసినవాడికైతే ఒక సాకైనా ఉంటుంది.

సైదులు సూర్యాపేట మిల్లులో ఆపరేటరు. పాలకీడు వైపు గొర్రెలు కాసుకునే ఇంటివాడు. స్క్రీను వైపు చూడకుండానే పని కానిచ్చేవాడు. తర్వాత మిర్యాలగూడ మిల్లుకు మారాడు. అక్కడ మొదటి వారమే, గుమాస్తాల ముందు నన్ను అడిగాడు.

"సార్, గాడ క్లోజ్ కొడితే విండో మూతపడ్తది, అంతే. గీడ క్లోజ్ కొడితే దినమంతా ఖతమై లోపలున్న తూకాలు తుడుసుకపోతయంట. ఒక్కతీరుగ పెట్టరాదు?"

"సదివి నొక్కు. కండ్లు లేవా?"

"సదువుతనే ఉంట సార్. గని సీజన్ల బండ్లు నిలబడితే చెయ్యి ఆగదు. చేతికి అలవాటైపోయింది."

"అలవాటు మార్చుకో. నీ కోసం ప్రోగ్రాం మార్చాల్నా?"

గుమాస్తాలు నవ్వారు. నాకు హాయిగా అనిపించింది. నిజానికి ఆ ఒక్క పేరు మార్చడం టీ చల్లారేలోపు అయ్యే పని. మార్చలేదు. గొర్లు కాసేవాళ్ల పిల్లగాడు నాకు చెప్పడమేమిటి? ఇదీ నా లోపలి మాట. పైకి ఎన్నడూ అనలేదు, ఇప్పుడే అంటున్నాను.

కోతలు మొదలయ్యాయి. ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. ఏదో విండో మూయబోయి సైదులు క్లోజ్ నొక్కాడు. ఖాయమేనా అని కంప్యూటర్ అడిగింది. సూర్యాపేటలోనూ అచ్చం ఇలాగే అడిగేది, ఆ ప్రశ్న రాసింది కూడా నేనే. అవునని నొక్కాడు. లోపలున్న బండ్ల తూకాలన్నీ పోయాయి. ధాన్యం అప్పటికే ఒకే కుప్పలో కలిసింది. ఎవరిదెంతో చెప్పే దిక్కు లేదు.

నేను వెళ్లేసరికి రైతులు కాంటా రూమును చుట్టుముట్టి ఉన్నారు. ఎవడికి అమ్ముడుపోయి తుడిచావని మిల్లు ఓనరు సైదులు చెంప పగలగొట్టాడు. నా వైపు తిరిగి, లోపం ప్రోగ్రాంలో ఉందా, వీడిలో ఉందా అన్నాడు. సైదులు నన్నే చూస్తున్నాడు. నేను నోరు తెరిస్తే అతని మీద దొంగ అనే మచ్చ పడదు. తెరిచాను. ప్రోగ్రాం బరాబరే ఉంది, వీడే తుడిచాడు అన్నాను.

అక్కడితో ఆగానా? పరీక్షిస్తున్నట్టు కుర్చీలో కూర్చుని, అందరూ చూస్తుండగానే ఆ 'క్లోజ్' తీసేసి 'డే ఎండ్' అని పెట్టాను. అడిగినప్పుడు చేయనిది, తప్పు దాచడానికి చేశాను. చూస్తున్నవాళ్లలో ఒక్కరికీ అర్థం కాలేదు. ఆ పొద్దే సైదులును గేటు బయటికి నెట్టారు. దొంగ అన్న పేరు అతనికంటే ముందే మిల్లులన్నీ తిరిగింది. మళ్లీ ఎవరూ అతన్ని కాంటా మీద కూర్చోనివ్వలేదు.

కొన్నేళ్లకు కోదాడలో బస్సెక్కితే లోపల కనిపించాడు. మేళ్లచెరువులో లారీలకు సిమెంటు బస్తాలు ఎత్తుతున్నాడట. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. లేచి నిలబడ్డాడు.

"ఆనాడు నా చెయ్యే తప్పింది సార్. సదివి నొక్కమని మీరు ముందుగాల్నే సెప్పిన్రు. నేనే ఇనలే."

తన సీటు నాకిచ్చాడు. నేను కూర్చున్నాను. సూర్యాపేట దాకా అతను నిలబడే వచ్చాడు, నేను కిటికీలోంచి బయటికే చూశాను. ఒక్క మాట చాలు కదా, ఎందుకు రాలేదు? భయమా? కాదు. అతని నమ్మకం నాకు పనికొచ్చింది, అందుకే ఉంచుకున్నాను.

తప్పు అతని చేతిది కాదు. ఆ పేరు పెట్టిందీ నేనే, మార్చిందీ నేనే. చెప్పేశాక ఊపిరి కాస్త ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది. ఈ మాట వినాల్సింది సైదులు, చెబుతున్నది నీకు.