టీచరమ్మ అడిగిన సున్నం

మా మీది వాటాలో కిరాయికి ఉన్న టీచరమ్మ పోయిన వారం చనిపోయింది. వడదెబ్బ అన్నారు దవాఖానలో. ఎండలో తిరిగి కాదు, కరెంటు లేని మధ్యాహ్నం తన గదిలోనే, మా స్లాబు కిందనే.

ఆమెది ఆంధ్రా వైపు. కొత్తపేట బడిలో పిల్లలకు సైన్సు చెప్పేది. మూడో తరగతితో ఆగిపోయిన నాకూ ఓపికగా చెప్పేది.

తెలంగాణ కోసం సమ్మె జరిగిన రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. ఫ్రిజ్‌లో మా ఆయన ఇన్సులిన్ చెడిపోతుందని నాకు ఒకటే గుబులు. ఆమె మందుసీసాను చిన్న డబ్బాలో పెట్టి, మట్టికుండలో ఉంచి, కుండకు తడిగుడ్డ చుట్టింది. నేను ఊరుకుంటానా? బయటి వేడి తగులుతుందని పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, రగ్గు కప్పాను. ఆమె బడి నుంచి వచ్చి చూసి తల పట్టుకుంది.

"అయ్యో పిన్నిగారూ, కుండకి ఊపిరాడకుండా చేసేశారేంటండీ! తడి ఆరిపోతూ లోపలి వేడిని పట్టుకుపోవాలి. దారి మూసేస్తే ఎలా పోతుంది?"

"నాకేమెరుక బిడ్డా! చలి తగలొద్దని మనం కప్పుకోమా? గట్లనే వేడి తగలొద్దని దీనికి కప్పిన."

"కుండకి చలి పెట్టాలనేగా మన తంటా అంతా!" అని నవ్వింది.

సమ్మె అయిపోయేదాకా రోజూ ఆ గుడ్డ తడిపింది ఆమే. మందు చెడలేదు. మా ఆయన ఇప్పటికీ ఉన్నాడు.

ఆమె నన్ను అడిగింది ఒక్కటే. "మేడ మీద తెల్లసున్నం వేయించండి పిన్నిగారూ. నల్లటి స్లాబు ఎండనంతా తాగి నా నెత్తిన పోస్తోంది. తెలుపైతే వెనక్కి కొట్టేస్తుంది. ఏసీ నాకొద్దు, అది నా వేడి తీసి పక్కింటి కిటికీలోకి వదులుతుంది."

సరేననబోయాను. అంతలో పక్కింటామె పిట్టగోడ మీది నుంచి, "ఏంది వదినె, ఆంధ్రోళ్లకు మేడ ముస్తాబు చేస్తున్నవా? రేపు తెలంగాణ వస్తే మూటలు సర్దుకొని పోయేటోళ్లకు గింత సోకేంది?" అంది. నవ్వులాటకే అంది. నాకు మాత్రం దడ పట్టుకుంది. గల్లీలో నలుగురూ ఏమంటారో, మా ఇంటి మీదికి ఏం వస్తుందో.

"వచ్చే ఏడు చూద్దాం బిడ్డా" అన్నాను. మరుసటేడూ అదే మాట. ఆమె ఇక అడగలేదు. చీర తడిపి కిటికీకి కట్టుకుంది.

నిన్న సున్నం వేయించాను. ఎవరూ ఏమీ అనలేదు. పక్కింటామే వచ్చి బకెట్లు అందించింది.

ఈ మధ్యాహ్నం మీది గదిలోకి పోయి నేల మీద కూర్చున్నాను. చల్లగా ఉంది. కిటికీకి ఆమె కట్టిన చీర ఎండి అట్టలా బిగుసుకుపోయి ఉంది. విప్పాలో, తడపాలో తెలియక చెంబెడు నీళ్లు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాను.