నీళ్ళు రాకముందే కదిలిన తేరు

మా సైన్సు అయ్యవారు పోయినారు. చిత్తూరులో బస్సు కోసం నిలబడి ఉండగా మా ఊరివాడొకడు కబురు చెప్పినాడు. చెప్పి ఊరుకున్నాడా? "గొప్ప భక్తుడప్పా. ఆ పొద్దు తేరు దగ్గర దేవుడి మహిమకు సాక్షి ఆయనే" అని తోకొకటి తగిలించినాడు. చితి ఆరకముందే మనిషిని ఇట్లా మార్చేస్తారా? అందుకే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళకు నా కోపం రుచించకపోతే నేను చేసేదేమీ లేదు.

చంద్రగిరికి కొంచెం దూరంలో మా ఊరి స్కూల్లో ఆయన దగ్గర చదువుకున్నాను. ప్రయోగశాల అంటే ఒక బల్ల చెక్క, రెండు ఇటుకలు, ఒక స్ప్రింగు త్రాసు. ఇటుకను త్రాసు కొక్కేనికి కట్టి చెక్క మీద లాగమనేవారు. తర్వాత దాని మీద రెండో ఇటుక పెట్టి మళ్ళీ లాగమనేవారు. త్రాసులో ముల్లు రెండింతలు జరిగేది.

"చెక్క మారిందేమిరా?"

"లేదు సార్."

"ఇటుక అడుగు మారిందా?"

"లేదు సార్. పైన బరువు పెరిగింది."

"అదీ. గరుకు కింద ఉండాది. కారణం పైన కూచోనుండాది."

ఒకనాడు నేను ఇటుకా మార్చి, చెక్కా మార్చి, లెక్క తేల్చేసినాను. ఆయన తిట్టలేదు. త్రాసు నా చేతిలోనుంచి తీసుకుని, "ఒక మాటు ఒకటే మార్చాల. రెండు మారిస్తే తప్పు దేనిదో నీకు తెలీదు. అప్పుడు నీకు ఇష్టం లేనోడి మీదికి తోసేస్తావు" అన్నారు. ఇన్నేళ్ళుగా పత్రికల్లో నేను పోట్లాడిందంతా ఆ మాట పట్టుకునే.

ఆయన చదువు బడిలో వదిలే రకం కాదు. పలమనేరు దోవలో కొండెక్కేటప్పుడు ఎద్దులబండి దిగి నడిచేవారు. బండివాడు మొహమాటపడితే, "నేను దిగితే నీ ఎద్దు నన్ను తిట్టుకోదు లేప్పా" అనేవారు.

ఇక ఆ తేరు సంగతి. గుడిలోకి అందరూ రావచ్చని చట్టం వచ్చిన తర్వాత మా ఊళ్ళో తొలి తేరు అది. మాలపల్లె నుంచి చెన్నయ్య వచ్చి, తలగుడ్డ నడుముకు చుట్టుకుని, అందరితో పాటు తాడు పట్టినాడు. తేరు కదల్లేదు. ఇంకో మాటు లాగినారు. కదల్లేదు. జనం మొహాలన్నీ ఒక్కసారిగా చెన్నయ్య వైపు తిరిగినాయి. ఆ పొద్దు తేరు కదలకుంటే, అతన్నీ అతని పల్లెవాళ్ళనీ ఇంక ఎప్పటికీ తాడు పట్టనీరని అందరికీ తెలుసు. ఊరి పెద్దలకు కావలసిందీ అదే.

అయ్యవారు మాత్రం తేరు పైకి చూస్తా ఉన్నారు. పైన ధర్మకర్త, ఆయన బావమరుదులు, వియ్యంకులు, ఎవరో ఆఫీసర్లు, విసనకర్రలతో కిక్కిరిసి కూర్చున్నారు.

"అయ్యా, మీరంతా దిగల్ల. ఇరుసు మీద బరువు ఎక్కువైంది" అన్నారు.

"ఏటేటా మేము కూచునేదే కదా" అన్నాడు ధర్మకర్త.

"ఏటేటా ఇంతమంది కూచోలేదు. ఈ ఏడు సుట్టాలు ఎక్కువొచ్చినారు."

ఎవరో కిసుక్కున నవ్వినారు. పైనుంచి ఒక్కడూ కదల్లేదు. వక్క నములుతూ అర్చకుడితో, "మైల తగిలింది. సంప్రోక్షణ చేయండి" అన్నాడు ధర్మకర్త. మంత్రపు నీళ్ళు చల్లి శుద్ధి చేస్తారట! అర్చకుడు కలశానికి గుడిలోకి పరుగెత్తినాడు. శుద్ధి చేసేటప్పుడు పైన ఎవరూ ఉండకూడదట, మహానుభావులు ఒకరొకరే దిగి నీడకు చేరినారు.

దిగమంటే దిగనివాళ్ళు, మైలంటే దిగినారు.

చెన్నయ్య తాడు వదలబోయినాడు. అయ్యవారు వచ్చి అతని చేతి మీద చెయ్యి వేసినారు. "వదలొద్దు చెన్నయ్యా. ఒక మాటు ఒకటే మార్చాల. బరువు దిగింది. నువ్వు ఉండు." తర్వాత జనం వైపు తిరిగి, "పట్టండప్పా" అన్నారు.

ఇరుసు కిర్రుమంది. తేరు కదిలింది.

మొన్న సంతాపసభలో అదే ధర్మకర్త ఆయన పటానికి దండ వేసి, "సంప్రోక్షణ నీళ్ళు పడగానే తేరు కదిలింది. చూసి చేతులు జోడించిన మహాభక్తుడు మన అయ్యవారు" అని గొంతు గద్గదం చేసుకున్నాడు. జనం చప్పట్లు. నాకు ఆ దండ మీద కూడా అసహ్యం పుట్టింది. లేచి, "నీళ్ళు అప్పటికింకా రాలేదు" అన్నాను. "నాస్తికుడికి ఏం కనబడతాది లే" అన్నాడొకడు. చూసినవాళ్ళు సగం మంది అక్కడే ఉన్నారు. అందరూ చాప మీది పుల్లలు లెక్కపెట్టుకుంటా ఉన్నారు.

పందిరి బయటి ఎండలోనుంచి ఒక గొంతు వచ్చింది. చెన్నయ్య.

"నీళ్ళు రాకముందే కదిలింది సామీ. తాడు నా చేతిలోనే ఉన్నింది. నా చెయ్యి మీద అయ్యవారి చెయ్యి ఉన్నింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ పొద్దు తేరు వెంట పోతా పోతా నేను ఒకసారి వెనక్కి తిరిగి చూసినాను. గుడి ముందు వీధి ఖాళీగా ఉండింది. మట్టిలో తేరు చక్రాల గాడి పడి ఉంది. దాని మొదట్లో అర్చకుడు నిండు కలశం పట్టుకుని, నీళ్ళు దేని మీద చల్లాలో తెలియక నిలబడి ఉన్నాడు.