డెమిరాన్ ట్యూబా కొన్న రోజు

డెమిరాన్ ఊపిరి సన్నగిల్లిందని వ్రాన్యె ఊళ్ళో అందరికంటే ముందు కనిపెట్టినవాడు అతని తమ్ముడు ఐనూరే. ఇంటి బ్యాండులో ఐనూర్ ముందుండి ట్రంపెట్ ఊదుతాడు, డెమిరాన్ వెనకుండి, అడుగుకి తాళమిచ్చే పెద్ద ఇత్తడి బాకా, ట్యూబా ఊదుతాడు. మీసాలు రాకముందు నుంచీ అదే వరస. ఆ ఊళ్ళో పెళ్ళికైనా చావుకైనా జనం అతని ట్యూబా వెంటే అడుగేశారు.

కిందటేడు ఓ పెళ్ళి ఊరేగింపు మెరక ఎక్కుతుంటే ట్యూబా మూగబోయింది. ఆడేవాళ్ళ అడుగులు తడబడ్డాయి. ఈసారి వసంతాన వచ్చే జార్జి పండుగకి వేరే మనిషిని పెట్టుకుంటానని ఐనూర్ మొహం మీదే చెప్పేశాడు. డెమిరాన్ మనసు చివుక్కుమంది. తప్పు పాత ట్యూబాదేమో, కొత్తది కొని చూస్తానన్నాడు.

"దాంతోపాటు కొత్త ఊపిరితిత్తులు కూడా ఇస్తారేంటన్నా?" అన్నాడు ఐనూర్. అన్నాడే గాని, సాయంత్రం వాయించాల్సిన ట్రంపెట్ చంకన పెట్టుకుని నీష్ పట్నంలోని వాద్యాల కొట్టు దాకా వెంట వచ్చాడు.

కొట్టాయన కుర్చీ వేసి, కూర్చుని ఊది చూడమన్నాడు. కూర్చుంటే ఏ ట్యూబా అయినా బుద్ధిగానే ఉంటుంది, దాని గుణం నడిస్తేనే బయటపడుతుంది. డెమిరాన్ అన్నిటికంటే పెద్దదాన్ని భుజాన తగిలించుకుని, ఊదుకుంటూ వీధిలో పడ్డాడు. సొమ్ము పోయిందనుకుని కొట్టాయన లబోదిబోమంటూ వెంటపడ్డాడు.

మెరక వీధి చివర, రిజిస్ట్రారు ఆఫీసు ముందు పెళ్ళివారు పిలుపు కోసం నిలబడి ఉన్నారు. పెద్ద ట్యూబా గుమ్మని మోగేసరికి అందరూ తిరిగి చూసి చప్పట్లు కొట్టారు. డెమిరాన్ రొప్పుతూ కొట్టుకి తిరిగొచ్చి దాన్ని దించేశాడు.

తర్వాత అంతగా ఊపిరి తాగని చిన్నదాన్ని ఎత్తుకున్నాడు. జీవితమంతా పెద్దది మోసినవాడికి అదెంత తలవంపో వేరే చెప్పాలా? ఐనూర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

దాన్ని ఊదుకుంటూ మళ్ళీ అదే వీధిలో వెళ్తే, ఈసారి డెమిరాన్ వంక ఎవరూ చూడలేదు. పెళ్ళివారంతా చేయీ చేయీ పట్టుకుని కోలో ఆట మొదలెట్టారు. పెళ్ళికూతురు గౌను పైకెత్తి అడుగు కలిపింది. ట్యూబా కోసం పరిగెత్తుకొచ్చిన కొట్టాయన కూడా ఆ వరసలో చేరిపోయాడు. డెమిరాన్ మెరక ఎక్కి దిగాడు, ఆడేవాళ్ళకి ఒక్క అడుగూ తప్పలేదు.

"పెద్దదానికే కదన్నా చప్పట్లు కొట్టారు" అన్నాడు ఐనూర్.

"అప్పుడు నన్ను చూశార్రా. తాళమిచ్చేవాణ్ణి చూస్తున్నారంటే ఆడేవాళ్ళ కాళ్ళు ఆగిపోయినట్టే. ఇదే కొంటాను."

ఊపిరి తగ్గిందేమో గాని, ఆ మనిషి పనితనం తగ్గలేదు. పెళ్ళివారు ఇంకోటి వాయించమని కేకలేస్తున్నారు. ఐనూర్ ట్రంపెట్ పెట్టె తెరిచాడు.

"రా, నా వెనక నిలబడన్నా" అన్నాడు.